క్లాజు సారూ, పోయొస్తానన్న సర్వరూ

పోయిన వారం మద్రాసు నుంచి ఫోను. మా సర్వరుకు సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థలో పనిచేసే అమ్మాయి. అరవం కలిసిన తెలుగు. "మేడమ్, మీ ఫైలు చూసేది ఎక్స్‌పైర్ అయిపోయింది. కొత్తది వస్తుంది" అంది.

నాకు ఒళ్ళు మండింది. ఎదురుగా గోడకు సర్టిఫికెట్ వేలాడుతోంది. దాని మీద గడువు తేదీ కొట్టొచ్చినట్టు కనబడుతోంది, ఇంకా బోలెడంత కాలం ఉంది. అదే చెప్పాను. లేదు మేడమ్, పోయిన నెలే అయిపోయింది అంది. మీ కంప్యూటరులో ఏదో తప్పు పడి ఉంటుంది, సరిగ్గా చూసుకోమ్మా అని కాస్త గట్టిగానే గదమాయించాను. ఆ పిల్ల, "కంప్యూటర్ కాదు మేడమ్. హార్ట్" అంది.

అప్పటికి గాని నా బుర్రకెక్కలేదు. గడువు తీరింది సర్టిఫికెట్‌కు కాదు, మా సర్వరును పరీక్షించి పాస్ చేసిన క్లాజు సారుకు.

ముందు నవ్వొచ్చింది, దాచడమెందుకు. గడువు తేదీలతోనే కాపురం చేసిన మనిషికి చావు కబురు కూడా ఆ మాటతోనే రావాలా అని. ఆయనే ఆ ఫోను అందుకుని ఉంటే, ఆ అమ్మాయి చేత ‘చూసేది’ని ‘చూసేవారు’గా దిద్దించి, దిద్దినట్టు సంతకం పెట్టించి, ఆ తర్వాతే చావు సంగతి వినేవారు. నవ్వు అయ్యాక ఏ పనీ చేయబుద్ధి కాలేదు. ఆ మనిషిని నేను తిట్టినన్ని తిట్లు మా ఆయన్ను కూడా తిట్టి ఉండను. అయినా బాధేసింది, గట్టిగానే వేసింది. ఆయన స్థానంలో వచ్చే కొత్త అసెసరు ఆ సాయంత్రమే వాట్సాపులో పలకరించాడు. నెల్లూరులో చేపల పులుసు ఏ హోటల్లో బాగుంటుందని అడిగాడు.

క్లాజు సారు అనేది మేం పెట్టిన పేరు. అసలు పేరు సర్టిఫికెట్ కింద సంతకంలో ఉంది గాని, అది చదవడానికి లొంగే సంతకం కాదు. సాఫ్ట్‌వేరు ఎలా ఉండాలో చెప్పే స్టాండర్డు పుస్తకంలో ఒక్కో నియమానికి ఒక్కో అంకె ఉంటుంది, దాన్ని క్లాజు అంటారు. మామూలు మనుషులు మాట్లాడేటప్పుడు ముందు దగ్గుతారు, లేకపోతే నవ్వుతారు. ఈయన ముందు అంకె చెప్పేవారు. ఏడు పాయింటు రెండు ప్రకారం మీరిది చేయాలి, తొమ్మిది పాయింటు ఒకటి ప్రకారం అది చేయకూడదు. కాఫీ తాగుతారా సార్ అంటే దానికీ ఒక అంకె ఉండేది. ఆడిట్ జరిగే చోట మంచినీళ్ళు తప్ప ఏమీ పుచ్చుకోకూడదట. ఆ మంచినీళ్ళు కూడా తన సీసాలోవే తాగేవారు.

మనిషి సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ మడత చెడని తెల్లచొక్కాలో నిటారుగా ఉండేవారు. పుట్టింది గూడూరు దగ్గర, ఉద్యోగమంతా మద్రాసులో. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక నిమ్మకాయ. దిష్టి తగలకుండా పెట్టుకున్నారేమో అనుకున్నాం మొదట. కాదు, వాసన పడక. చేపా, రొయ్యా ముట్టని మనిషి. ముట్టకపోవడం అలా ఉంచండి, రొయ్య పొట్టు ఎండే చోటికి ఫర్లాంగు దూరంలో కూడా నిలబడలేని మనిషి. అలాంటి ఆయన్ను ఏరికోరి మా అల్లూరు పంపించారు, రొయ్యల గుంతల మధ్యకి. వచ్చినన్నాళ్ళూ ఆ నిమ్మకాయను గోటితో గిల్లి ముక్కు దగ్గర పెట్టుకునే ప్రశ్నలడిగారు.

ఎందుకొచ్చారో చెప్పాలంటే మా సంగతి కాస్త చెప్పాలి. అల్లూరు వైపు వరి రాని చౌడు నేలల్లో గుంతలు తవ్వి రొయ్యలు పెంచే చిన్న రైతులు ఒక సంఘం పెట్టుకున్నారు. దాని పెద్ద పెంచలయ్య. యాభై దాటిన మనిషి, గొంతు పెద్దది, గుండె అంత పెద్దది కాదు. ప్రతి పంటకూ భయపడతాడు, ప్రతి పంటకూ మళ్ళీ రొయ్య పిల్ల వేస్తాడు. రొయ్యలు కొనే విదేశాల వాళ్ళకు ఈమధ్య ఒక పట్టుదల వచ్చింది. తాము తినే రొయ్య ఏ గుంతలో పెరిగిందో, ఏ మేత తిన్నదో, నీళ్ళలో ఏ మందు పడిందో మొత్తం జాతకం కావాలి. ఆ జాతకాన్ని గుంత గట్టున పెట్టిన చిన్న పెట్టెలు పంపిస్తాయి, ఒక సర్వరు దాచిపెడుతుంది. ఆ సర్వరును నడిపే సాఫ్ట్‌వేరు ఫలానా స్టాండర్డుకు సరిపోయిందని సర్టిఫికెట్ ఉండాలి. అది లేని గుంతలో బంగారు రొయ్య పట్టినా ఎగుమతికి పనికిరాదు.

సర్టిఫికెట్ ఉన్న సాఫ్ట్‌వేరు మా చుట్టుపక్కల ఒక్క మేతల కంపెనీ దగ్గరే ఉంది. పైసా వద్దు, ఊరికే ఇస్తామన్నారు వాళ్ళు. చిన్న షరతు. మేత తమదే వాడాలి, పట్టుబడి రోజు, అంటే గుంతలో రొయ్య పట్టే రోజు, తూకం తమకే వేయాలి, ధర తాము చెప్పిందే. ఏజెంటు రోజు మార్చి రోజు ఒప్పంద పత్రాలు పట్టుకుని పెంచలయ్య అరుగు మీద కూర్చునేవాడు. ఆ కంపెనీ సాఫ్ట్‌వేరు ఎంత గొప్పదంటే, నీళ్ళు తోడేసిన ఖాళీ గుంతలో కూడా నీటి ఉప్పదనం ఇంత అని చెప్పేది. దాన్ని పాస్ చేసిన పెద్దమనిషి వేరే ఎవరో. ఆయనకు రొయ్యల వేపుడంటే ప్రాణమని విన్నాం.

మాది నిజంగా ఉచితం. నాకు నెల్లూరులో ఒక చిన్న కంప్యూటర్ ఆఫీసుంది. నాతో పనిచేసే మస్తాన్‌ది తోటపల్లి గూడూరు, వాళ్ళ నాన్నకు అక్కడ ఐసు వ్యాపారం. ఊరూపేరూ తెలియని మనుషులు ఎక్కడెక్కడో కూర్చుని రాసి, ఎవరైనా వాడుకోండి, ఎవరైనా మార్చుకోండి అని వదిలేసిన ఓపెన్ సోర్సు సాఫ్ట్‌వేరును తీసుకుని ఇద్దరం మా గుంతలకు తగ్గట్టు మలిచాం. దానికి ‘గట్టు’ అని పేరు పెట్టాం. అది పాసయితే పెంచలయ్య వాళ్ళు ఈ పంటను తమకు నచ్చినవాళ్ళకు అమ్ముకోవచ్చు. ఫెయిలయితే ఏజెంటు చూపించిన చోట సంతకం పెట్టాలి.

సారు వచ్చిన మొదటి రోజు లోపలికి రాలేదు. గుమ్మం బయట నిలబడి మా బోర్డు చదివారు. రొయ్య రైతుల సంక్షేమ సంగం అని ఉంది దాని మీద. పెయింటరు ఘ రాయాల్సిన చోట గ రాశాడు, మేం ఏళ్ళ తరబడి దాని కింద నుంచే తిరుగుతున్నా ఎవరి కంటా పడలేదు. "దరఖాస్తులో సంఘం అని ఉండాది. ఇక్కడ సంగం అని ఉండాది. సంగం అయితే అది వేరే ఊరు. నేను సరైన చోటికే వచ్చినానా?" అని అడిగారు. పెంచలయ్య నవ్వాడు, జోకనుకుని. సారు నవ్వలేదు. చివరికి పెంచలయ్యే బల్లెక్కి సుద్దముక్కతో దిద్దితే, అప్పుడు చెప్పులు విప్పి లోపలికొచ్చారు.

కుర్చీని జేబురుమాలుతో తుడిచి, ఆ రుమాలును పక్కనున్న తెల్లటి అట్ట పెట్టె మీద ఆరేసి, సర్వరు ఎక్కడుందో చూపించమన్నారు. మస్తాన్ నసిగాడు. మీరు రుమాలు ఆరేసింది దాని మీదే సార్ అన్నాడు. దుమ్ము పడకుండా కప్పిన అట్ట పెట్టె అది. దాని కింద సర్వరు, ఆ సర్వరు కింద రొయ్యలకు ఐసు వేసే థర్మోకోల్ పెట్టె బోర్లించి ఉంది. సారు రుమాలు తీసేసి, నిమ్మకాయ బయటికి తీశారు.

తర్వాత అసలు గొడవ మొదలైంది. దరఖాస్తులో తయారీదారు అనే గడి ఒకటుంది, దాన్ని మేం ఖాళీగా వదిలేశాం. దీని ఓనరు ఎవరని అడిగారు. మస్తాన్ చాలా గర్వంగా, అందరూ సార్ అన్నాడు.

"అందరూ అంటే ఎవురూ కాదు అబ్బయ్యా."

మస్తాన్ ఓపెన్ సోర్సు గురించి ఒక ఉపన్యాసం ఇచ్చాడు. స్వేచ్ఛ, సహకారం, ప్రపంచం అన్నీ వచ్చాయి అందులో. సారు ఓపిగ్గా విని, ఓనరు ఎవరని మళ్ళీ అడిగారు. పెంచలయ్యకు జాలేసి మధ్యలో దూరాడు. ఎండాకాలం చలివేంద్రం మాదిరి సార్, దాహమేసినోడు ఎవడైనా తాగొచ్చు అన్నాడు. మంచి పోలికే అని నేనూ తలూపాను.

"ఆ నీళ్ళు తాగి ఎవురికైనా వాంతులైతే, ఎవుర్ని పట్టుకోవాల?" అన్నారు సారు.

పెంచలయ్య నిజాయితీగా ఆలోచించాడు. కుండ పెట్టినోణ్ణి అన్నాడు. అయితే ఆ కుండ పెట్టినవాడి పేరు చెప్పండి అని సారు పెన్ను మూత తీశారు. మస్తాన్ నావైపు చూశాడు. నేను పెంచలయ్య వైపు చూశాను. పెంచలయ్య పైనున్న ఫ్యాను వైపు చూశాడు. ఉచితమైనదాన్ని పంచడానికి ముందుకొచ్చిన చేతులన్నీ బాధ్యత అనేసరికి వెనక్కి పోయాయి. చివరికి సంఘం పేరే రాయించారు. ఆ విధంగా కంప్యూటరు మీట ఎటు నొక్కాలో తెలియని రొయ్యల రైతులు స్టాండర్డు దృష్టిలో సర్వర్ సాఫ్ట్‌వేరు తయారీదారులయ్యారు. పెంచలయ్య ఆ రోజు ఇంటికి పోయి, నేనొక ఫ్యాక్టరీ ఓనర్ని అని భార్యతో చెప్పుకున్నాడట. ఆమె పేడ ఎత్తమంది.

సారు మాటల్లో ఒకటి మాకు నిద్రలో కూడా వినబడేది. "చేసినావు, సరే. చేసినానని యాడ చెప్పినావు?" ఏం చూపించినా ఇదే. పాస్‌వర్డులు మారుస్తున్నాం సార్. యాడ చెప్పినావు? రోజూ ఇంకో చోట నకలు దాస్తున్నాం సార్. యాడ చెప్పినావు? ఇది మూడో గుంతేనని గ్యారంటీ ఏంటని గట్టు మీద నిలబడి పెంచలయ్యను అడిగారు, రెండు చెప్పులకూ పాలిథిన్ కవర్లు కట్టుకుని. మా నాయన తవ్వినాడు సార్, నాకు తెలీదా అన్నాడు పెంచలయ్య. మీ నాయన యాడ చెప్పినాడు అన్నారు సారు. పోయిన తండ్రిని కూడా వదలని మనిషి అని పెంచలయ్య నాతో గొణుక్కున్నాడు. ఇప్పుడు మా గుంతలన్నిటికీ నంబరు పలకలున్నాయి, రైల్వే క్వార్టర్స్‌లాగా.

ఆ మాట అంటువ్యాధిలా ఇంట్లోకీ వచ్చింది. కూరలో ఉప్పేశానండీ అని నేనంటే, మా ఆయన యాడ చెప్పినావు అనడం మొదలుపెట్టాడు. గరిటె విసిరితే మానేశాడు.

ఇంకొక నియమం మస్తాన్‌ను కాల్చుకు తినింది. పరీక్ష మొదలయ్యాక సాఫ్ట్‌వేరులో ఒక్క అక్షరం మార్చినా అది వేరే సాఫ్ట్‌వేరు కింద లెక్క, మళ్ళీ మొదటి నుంచీ పరీక్ష పెట్టాలి. ఓపెన్ సోర్సు సంగతేమో రోజూ ప్రపంచంలో ఎవరో ఒకరు ఏదో ఒకటి బాగుచేసి పంపిస్తూనే ఉంటారు. అవన్నీ వచ్చి గుమ్మంలో పడుతుంటే, తీసి అతికించడానికి లేదు. మస్తాన్ చెయ్యి ఊరికే ఉండే రకం కాదు. కీబోర్డు మీదికి పోతున్న ఆ చేతిని చూసి, చేతులు కట్టుకో అబ్బయ్యా అన్నారు సారు. పిల్లల తండ్రి, బడిపిల్లాడిలా చేతులు కట్టుకుని కూర్చున్నాడు పాపం.

ఇలా ఒక్కొక్కటే గట్టెక్కుతూ ఆఖరి పరీక్షల దాకా వచ్చాం. అక్కడ పడింది దెబ్బ.

గుంత గట్టు మీది పెట్టె తన లెక్క సర్వరుకు పంపాక ఇద్దరూ విడిపోవాలి. అప్పుడు సర్వరు ‘ఇక ముగిసింది’ అని చెప్పి తలుపు మూయాలని, అంటే కనెక్షను పూర్తిగా తెంచేయాలని స్టాండర్డు అంటుంది. ఆ భాగమంతా రాసింది మస్తాన్. వాళ్ళింట్లో గడప దాటేవాడు పోతా అంటే వాళ్ళమ్మ వీపు విమానం మోత మోగిస్తుంది. పోయొస్తా అనాలి. మా ఇంట్లోనూ అంతే, ఈ జిల్లాలో ఎవరింట్లో అయినా అంతే. అందుకని మా సర్వరు విడిపోయేటప్పుడు చెప్పే మాట ‘పోయొస్తా’ అని పెట్టాడు. మాట ఒక్కటే పెట్టి ఊరుకున్నా పోయేది. అన్నమాట నిలబెట్టుకోవద్దూ? పోయొస్తా అన్నాక మళ్ళీ కలవాలి గనక, తలుపు దగ్గరగా వేసి ఉంచేలా రాశాడే గాని గడియ పెట్టించలేదు. మా వైపు కరెంటు సంగతి తెలిసిందే కదా, పెట్టె కాసేపటికి తిరిగొస్తే మొదటి నుంచీ పరిచయాలు లేకుండా లోపలికి వచ్చేస్తుంది. ఆ ఏర్పాటు వల్లే మా గుంతల లెక్క ఎప్పుడూ తెగలేదు. మాకు అది ఎంత మామూలు సంగతంటే, అలా చేశామన్న సంగతి కూడా మాకు గుర్తులేదు.

మద్రాసు నుంచి తెచ్చిన పరీక్ష ప్రోగ్రాము గడియ చప్పుడు కోసం చూసింది, చూసింది, ఎర్రగా ఫెయిల్ అని చూపించింది. సారు తెర మీదికి వంగారు. ఇదేం మాట అబ్బయ్యా అని అడిగారు. మస్తాన్ వాళ్ళమ్మ సంగతి మొత్తం చెప్పాడు. సారు అంతా విని, "మెషీనుకు కూడా అమంగళమేనా?" అన్నారు. తన పుస్తకంలో రాసుకున్నారు. సాయంత్రం సంచీ సర్దుకుని గుమ్మం దాకా వెళ్ళి, అలవాటు కొద్దీ నావైపు తిరిగి పోయొస్తానమ్మా అన్నారు. అని, నాలుక కరుచుకుని, గబగబా మెట్లు దిగి వెళ్ళిపోయారు. ఆ రోజు మేం నవ్వుకున్న నవ్వు అదొక్కటే.

ఎందుకంటే అప్పటికే పక్క ఊరి గుంతల్లో తెల్లమచ్చ రోగం వచ్చింది. అది వచ్చిందంటే గుంతకు గుంత చచ్చి తేలిపోతుంది. పెంచలయ్య వాళ్ళు రొయ్యను వెంటనే పట్టేయాలి. సాఫ్ట్‌వేరు దిద్ది, మళ్ళీ మొదటి నుంచీ పరీక్ష పెట్టించుకునేదాకా రోగం ఆగదు. ఏజెంటుకు ఈ కబురు ఎవరు మోశారో గాని, మర్నాడు పొద్దున్నే సంఘం మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. పెన్ను కూడా వాడే తెచ్చాడు.

సారు వచ్చారు. పెంచలయ్య చేతులు జోడించాడు. సార్, ఈ ఒక్క పంటకు దయచూడండి, ఆ మాటేదో మార్చేస్తాం అన్నాడు.

మారిస్తే అది కొత్త సాఫ్ట్‌వేరు, పరీక్ష మొదట్నించీ అన్నారు సారు. తర్వాత మస్తాన్ వైపు తిరిగి, మీ సర్వరు ఇట్టా తలుపు తెరిచి పెడతాదని యాడ చెప్పినారు అని అడిగారు. ఎక్కడా చెప్పలేదు సార్, తప్పే అన్నాడు మస్తాన్. తప్పా ఒప్పా అని నేను అడగలేదే, యాడ చెప్పినారు అన్నారు మళ్ళీ. లేదు సార్ అన్నాం. సారు నిమ్మకాయ వాసన చూసి, కిటికీ దాకా నడిచి, తిరిగొచ్చి, మళ్ళీ అదే ప్రశ్న వేశారు. ఈసారి ఒక్కో అక్షరం విడివిడిగా, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు. పుండు మీద కారం చల్లడమంటే ఇదేననిపించింది. బయట ఏజెంటు సన్నగా ఈల వేస్తున్నాడు.

నాకు తిక్క రేగింది. "మీకేం సార్, రొయ్య చస్తే మీకేం, మనిషి చస్తే మీకేం? మీరు రెంటినీ ముట్టరు. లేదని రెండుసార్లు చెప్పినాం గదా, ఇంకా ఎన్నిసార్లు గుచ్చుతారు?" అని అరిచాను.

సారు మొహం ఎర్రబడింది. నిమ్మకాయను జేబులో పెట్టేసుకున్నారు. గొంతు బాగా తగ్గించారు.

"అమ్మా, నేను సలహా చెప్పకూడదు. చెప్తే నా ఉద్యోగం పోతాది, మీ సర్టిఫికెట్టూ చెల్లదు. నేను అడగొచ్చు, అంతే. పొద్దుట్నించీ అడుగుతానే ఉండా గదా."

మస్తాన్‌కు ముందు వెలిగింది. కట్టుకున్న చేతులు విప్పి స్టాండర్డు పుస్తకం లాక్కున్నాడు. ఆ పుస్తకాన్ని అప్పటిదాకా మేమిద్దరం చదివామని ఒకరికొకరు చెప్పుకుంటూ వచ్చాం. ఇద్దరిలో ఎవరమూ చివరిదాకా చదవలేదని ఆ క్షణాన బయటపడింది. తలుపు మూయాలి అన్న నియమం కిందే ఇంకో వాక్యముంది. కాసేపు తెరిచి పెట్టదలుచుకుంటే పెట్టొచ్చు, కాకపోతే ఆ సంగతి వాడకం పుస్తకంలో ముందుగా చెప్పి ఉండాలి. వాడకం పుస్తకం సాఫ్ట్‌వేరు కాదు. దాన్ని దిద్దితే పరీక్ష మొదటికి రాదు.

మస్తాన్ కూర్చుని రాశాడు. పోయొస్తా అన్నాక పెట్టె తిరిగొస్తుందని సర్వరు కాసేపు తలుపు తెరిచి ఉంచును, అని దాని అర్థం వచ్చేలా. సారు చదివారు. ‘కాసేపు’ అంటే ఎంతసేపు అని అడిగారు. ఎంతసేపో రాశాం. అంతసేపూ తెరిచి ఉంచి, ఆ తర్వాతైనా గడియ పెడుతుందా లేదా అని గోడ గడియారం కింద నిలబడి పరీక్షించారు. పెట్టింది. తెర మీద పచ్చరంగు వచ్చింది. పెంచలయ్య ఏడ్చేశాడు. సారు మాత్రం, బోర్డు మీద సుద్దతో దిద్దిన అక్షరం వానకు నిలవదు, పెయింటుతో రాయించాలి అని నివేదికలో ఒక చిన్న లోపం రాసి, ఎవరి మొహమూ చూడకుండా బస్సెక్కడానికి వెళ్ళిపోయారు. నివేదిక ఇవ్వడానికి ఆయనకు రెండు వారాల గడువుంది. ఆయన దాన్ని బస్సులోంచే పంపేశారని తర్వాత మద్రాసు ఆఫీసు అమ్మాయి చెప్పింది.

సర్టిఫికెట్ వచ్చిన మర్నాడే పట్టుబడి. తెల్లారేసరికి గుంత దగ్గర రెండు కంపెనీల లారీలు వచ్చి నిలబడ్డాయి. మేతల కంపెనీ ఏజెంటు కూడా వచ్చాడు, పిలవకపోయినా. సర్టిఫికెట్‌ను ఎవరూ చదవలేదు. ఒకడు ఫోనులో ఫొటో తీసుకున్నాడు, ఇంకొకడు ఉందా అని అడిగి, ఉందంటే సరే అన్నాడు. దాని కోసం మేం పడిన పాట్లు తలుచుకుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. వల లాగారు. కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు అంటారు మా వైపు. అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధర పెద్దది. పెంచలయ్య గుంతలో ముప్పై పడింది. ఆ గుంతలో అంత పెద్ద రొయ్య అంతకుముందెప్పుడూ రాలేదు. రెండు లారీల వాళ్ళూ పోటీపడి ధర పెంచారు. ఏజెంటు పెంచలయ్య భుజం మీద చెయ్యేసి, ఈసారికి కానీ, వచ్చే పంటకు నా దగ్గరికి రాక యాడికి పోతావు అన్నాడు.

పెంచలయ్య ఆ చేతిని మెల్లగా తీసేశాడు. "వస్తే వస్తాం. రాకపోతే రాం. అది మా ఇష్టం" అన్నాడు. చాలా మామూలుగా అన్నాడు. ఆ మనిషి ఏజెంటు ముందు గొంతు తగ్గించి మాట్లాడగా నేను చూడటం అదే మొదలు. ఇన్నాళ్ళూ భయంతో అరిచేవాడు.

ఈ సంగతి సారుకు చెప్పకుండా ఉండలేకపోయాను. సాయంత్రం ఫోను చేశాను. సార్, పట్టుబడి అయింది, మనవాళ్ళు బయటి కంపెనీకి అమ్మారు, మంచి ధర వచ్చింది, అంతా మీ వల్లే అన్నాను. అవతలి నుంచి ముందు అంకె వచ్చింది.

"నాలుగు పాయింటు ఒకటమ్మా. మీరు ఎవురికి అమ్మినా, ఎంతకి అమ్మినా నాకు సంబంధం ఉండకూడదు. ఇట్టాంటివి నాకు చెప్పకూడదు."

నెల్లూరు జిల్లా మొత్తంలో ఇంత మొండి మనిషి ఇంకొకడు ఉండడు అనుకుని, సరే సార్, ఉంటాను అన్నాను. ఫోను పెట్టెయ్యబోయాను. ఆయన పెట్టలేదు. వెనకాల మద్రాసు బస్సుల హారన్లు, ఎవరిదో ఇంట్లో కుక్కరు విజిలు వినబడుతున్నాయి. అప్పుడు ఫోను నోటికి బాగా దగ్గరగా పెట్టుకున్నట్టు చిన్నగా వచ్చింది గొంతు.

"కౌంటెంత పడిందమ్మా?"

ముప్పై సార్ అన్నాను.

"ముప్పయ్యా" అన్నారు. ఇంకోసారి "ముప్పయ్యా" అనుకుని, ఫోను పెట్టేశారు.